5 నిమిషాల మాటకు 78 రోజులు

ఫోన్ వచ్చింది డిసెంబర్ 5న, శుక్రవారం. షాపు ముందు యూరియా లారీ ఆగి ఉంది. హమాలీలు బస్తాలు దింపుతుంటే నేను లెక్క రాసుకుంటున్నాను. హన్మకొండ నుంచి ఎవరో అమ్మాయి. ఇంజనీరింగ్ మూడో సంవత్సరమట. "అంకుల్, మేం ఒక ప్రోగ్రాం పెడుతున్నం. పది మంది మాట్లాడుతరు, ఒక్కొక్కరికి అయిదే నిమిషాలు. తెలుసనుకున్నది తెలియకపోవడం గురించి. మీ నంబర్ మా సార్ ఇచ్చిండు" అంది.

ఆ సార్ ఎవరో వెంటనే గుర్తొచ్చింది. 2022 జనవరిలో మా దిక్కు మిర్చి తోటలు చూడటానికి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, మా షాపులో చాయ్ తాగి పోయిన మనిషి. "సార్, ఈ పురుగు విషయంల నేను రైతులకు తప్పు చెప్పిన" అని ఆ రోజు ఆయనతో అన్నాను. అప్పటికి ఇంట్లో కూడా ఆ మాట అనలేదు. నాలుగేళ్లు ఆయన గుర్తుపెట్టుకున్నాడు.

నాది నర్సంపేటలో విత్తనాలు, ఎరువులు, మందుల షాపు. 22 ఏళ్లయింది. మైకు అలవాటు లేనివాళ్లు ఇట్లాంటి వేదిక ఎక్కాల్సి వస్తే ఏమేం జరుగుతుందో ముందే తెలియాలని ఇది రాస్తున్నాను. నాకెవరూ చెప్పలేదు.

పద్ధతి ఇది. 20 స్లైడ్లు. ఒక్కోటి 15 సెకన్లుండి దానంతటదే మారిపోతుంది. మీట మన చేతిలో ఉండదు. 2006లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైందట. అంతకు మూడేళ్ల ముందే టోక్యోలో స్లైడుకు 20 సెకన్ల లెక్కన ఇట్లాంటిదే మొదలైందని ఆ అమ్మాయి చెప్పింది. నాకర్థమైంది ఒకటే, మధ్యలో ఆగడానికి లేదు.

ఫోన్‌కు ఒక ఫారం పంపారు. ఏం చెప్పదలుచుకున్నారో 150 మాటల్లో రాయమన్నారు. రెండు రోజులు పక్కన పెట్టి, డిసెంబర్ 7 రాత్రి షాపు కట్టేశాక కూర్చుని రాసి పంపాను. తర్వాత 17 రోజులు ఏ కబురూ లేదు. మొదటి వారం గంటకోసారి ఫోన్ తీసి చూశాను. రెండో వారానికి, రాకపోతేనే మంచిదనిపించింది. నా మాట నమ్మి మందు కొట్టే రైతులు చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ల పిల్లలు హన్మకొండలో చదువుతున్నారు. ఆ పిల్లల ముందు నిలబడి, మీ నాయనకు నేను తప్పు చెప్పానని ఎట్లా అనడం? డిసెంబర్ 24 సాయంత్రం మెసేజ్ వచ్చింది. ఎంపికయ్యాను. జనవరి 24న సభ.

నేను చెప్పాల్సిన సంగతి 2021 చలికాలం నాటిది.

మిర్చిలో తామర పురుగును నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నట్టే. లేతాకును గోకి రసం పీలుస్తుంది, ఆకు అంచులు పైకి లేచి పడవలా ముడుచుకుంటాయి. దాన్ని పై ముడత అంటాం. ఆకు కిందికి ముడుచుకుంటే అది నల్లి అనే వేరే చీడ పని. రైతు సంచిలోంచి కొమ్మ తీయకముందే, మాటను బట్టి ఏదో చెప్పగలిగేవాణ్ని. మందుల షాపుల వాళ్లకు పెట్టే ఏడాది డిప్లొమా కూడా చేశాను. ఆ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి కౌంటర్ వెనక గోడకు పెట్టాను.

ఆ నవంబర్‌లో నల్లబెల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నేను బాపూ అంటాను, ఆయన నన్ను సేటూ అంటాడు. మూడెకరాల కౌలు తోట. తువ్వాలలో మూట గట్టి గుప్పెడు మిర్చి పూలు తెచ్చాడు. ఒక పువ్వును నా బిల్లు పుస్తకం మీద వేలితో కొట్టాడు. తెల్ల కాగితం మీద నల్లటి సన్న గీతలు రాలి, గీతలు పరిగెత్తడం మొదలుపెట్టాయి. ఒక్కోటి మిల్లీమీటరు ఉంటుందేమో. ఒకటి బిల్లు నంబరు మీదుగా పాకి కాగితం అంచు దాటి కౌంటర్ మీదికి పోయింది. నేను దాన్ని బొటనవేలితో నలిపాను. "తామర పురుగే బాపూ, గిది కొట్టు, మూడొద్దులల్ల తగ్గుతది" అన్నాను.

"సేటూ, గిది ఆకుల్ల లేదు, పువ్వుల్ల ఉన్నది. పాతదేనా?"

"పాతదే."

ఆయన ఆరుసార్లు కొట్టాడు. ఆరుసార్లూ మందు నేనే ఇచ్చాను. ఒకదానికి తగ్గకపోతే ఇంకా గట్టిది, దానికీ తగ్గకపోతే రెండు కలిపి. గట్టి మందులకు ఆ పురుగును తినే మిత్ర పురుగులు చచ్చాయి, ఇది మాత్రం ఇంకా పెరిగింది. పూత రాలిపోయింది, కాయ పట్టలేదు. ఆయన తోట దున్నించేశాడు. అది మన పాత పురుగు కాదని, థ్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరే రకమని, ఆగ్నేయాసియా నుంచి వచ్చిందని, మన దేశంలో 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద మొదటిసారి గుర్తించారని నాకు తర్వాత తెలిసింది. అంటే అది నా కౌంటర్ మీద పాకడానికి ఆరేళ్ల ముందే కొందరికి తెలుసు. మూడెకరాల రైతు పువ్వు చూసి తేడా పట్టాడు. డిప్లొమా గోడకు పెట్టుకున్న నేను పట్టలేదు.

ఆయన్ను అడగకుండా ఆయన సంగతి చెప్పకూడదనుకున్నాను. డిసెంబర్ 28, ఆదివారం వాళ్ల ఇంటికి పోయాను. దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "చెప్పు సేటూ. నా పేరు వద్దు. నేనడిగిన మాట చెప్పు" అన్నాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. ఆ ఇంట్లో చాయ్ తాగడం ఆ రోజు నాకు చాలా కష్టమైంది.

జనవరి 4 నుంచి రాయడం మొదలుపెట్టాను. మొదటి స్లైడుకు రాసుకున్నది మా అమ్మాయి లెక్కబెట్టి 73 మాటలంది. ఫోన్‌లో టైమర్ పెట్టి చదివితే 40 సెకన్లు దాటింది. నేను మామూలుగా మాట్లాడితే 15 సెకన్లలో పట్టేది 28 మాటలు, మహా అయితే 30. అంటే మూడు చిన్న వాక్యాలు. "అదేమిటంటే", "చెప్పొచ్చేదేమంటే" అనుకుంటూ మొదలుపెడితే మూడో వాక్యం పోతుంది. రైతుతో మాట్లాడేటప్పుడు మనం ముందు వానల గురించి, ఆరోగ్యం గురించి అడిగి తర్వాత విషయానికొస్తాం. ఇక్కడ ఆ దారి లేదు. ఇరవై స్లైడ్లూ కలిపి మొదటిసారి చదివితే 11 నిమిషాలైంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక కోత. మా ఇంటామె మంచం మీద కూర్చుని వినేది, ఎక్కడ ఆమెకు అర్థం కాకపోతే అక్కడ చెయ్యి ఎత్తేది. నేను గొప్పగా చెప్పాననుకున్న చోట్లే ఎక్కువ సార్లు చెయ్యి లేచింది.

జనవరి 12న తేదీ మారిందని ఫోన్. 28 నుంచి మేడారం జాతర కదా. దానికి ముందు వారం హన్మకొండలో హాలు దొరకదు, బస్సు దొరకదు. ఫిబ్రవరి 21కి మార్చారు. స్లైడ్లు 7వ తేదీకల్లా పంపాలి. నాలుగు వారాలు చేతికొచ్చాయని మొదట సంతోషపడ్డాను. కానీ ఆ నాలుగు వారాలూ నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున మూడు గంటలకు మెలకువ వచ్చి ఎనిమిదో స్లైడు మాటలు నోట్లో తిరిగేవి.

తప్పు పట్టుబడింది ఫిబ్రవరి 5న. తక్కువ తెలిసినవాళ్లు తమకు ఎక్కువ తెలుసని ఎట్లా అనుకుంటారో చూపించడానికి తొమ్మిదో స్లైడులో ఒక గీత బొమ్మ పెట్టుకున్నాను. మీరూ చూసి ఉంటారు. తెలిసింది పెరిగేకొద్దీ మనిషి ధీమా కొండలా లేచి, లోయలా దిగి, మళ్లీ మెల్లగా ఎక్కుతుందని చూపే గీత. ఎవరో వాట్సాప్‌లో పంపింది. కింద డన్నింగ్, క్రూగర్ అని రాసి ఉంది. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. "నాన్నా, ఈ బొమ్మ వాళ్ల పేపర్ల ఏ పేజీల ఉన్నది?" అనడిగింది. ఇద్దరం ఆ వ్యాసం వెతికి తీశాం. 1999లో వచ్చింది, రాసిన ఆ ఇద్దరూ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం మనస్తత్వ పరిశోధకులు. మా అమ్మాయి చదివి చెబుతుంటే విన్నాను. ఆ కొండ అందులో ఎక్కడా లేదు.

ఉన్నది ముఖ్యంగా రెండు గీతలు. విద్యార్థులకు హాస్యం, తర్కం, వ్యాకరణం మీద పరీక్షలు పెట్టి, మీరు ఏ స్థాయిలో ఉన్నారనుకుంటున్నారని వాళ్లనే అడిగారు. అట్టడుగు పావు వంతు వాళ్ల అసలు స్థాయి సగటున, కింది నుంచి లెక్కిస్తే, వందలో 12వ మెట్టు. వాళ్లు అనుకున్నది 62. అసలు మార్కుల గీత ఏటవాలుగా పైకి పోతుంది, అనుకున్న గీత దాదాపు చదునుగా ఉంటుంది. బాగా వచ్చినవాళ్లు తమను తాము కొంచెం తక్కువే వేసుకున్నారు. అంతే. నేను మళ్లీ అదే పని చేశాను కదా అని ఒళ్లు చల్లబడింది. ఎవరో ఇది పాతదే అన్నట్టు పంపారు, నేను చూడకుండా తీసుకున్నాను. ఆ బొమ్మ తీసేయలేదు. దాని మీద ఎర్ర గీత కొట్టి అక్కడే ఉంచాను. "నేను మొదట పెట్టింది ఇది. ఆ వ్యాసంలో ఇది లేదు" అని చెప్పాలని. పదో స్లైడులో అసలు గీతలు రెండూ పెట్టాను.

ఇంకో ఆలోచన ఆ రాత్రి నుంచి వదలలేదు. ఆ వ్యాసంలోని అట్టడుగు వాళ్లకు వ్యాకరణం రాదు కాబట్టి తమకు రాదని తెలియలేదు. నా సంగతి అది కాదు. నాకు పాత తామర పురుగు బాగా తెలుసు. బాగా తెలుసు కాబట్టే కొత్తది కళ్ల ముందు పాకుతుంటే పాతదిగానే కనిపించింది. ఏమీ తెలియని కుర్రాడు కౌంటర్‌లో ఉండి ఉంటే, "ఆగు కాకా, ఎవరినన్న అడిగి చెప్త" అనేవాడేమో.

ఫిబ్రవరి 7న స్లైడ్లు పంపాను. 9న ఫోన్: "అంకుల్, మీ తెలుగు అంతా డబ్బాలు డబ్బాలుగా వస్తుంది." మా కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు వాళ్ల దాంట్లో లేదు. ఒత్తులు ఊడిపోయాయి, గుణింతాలు పక్కకు పోయాయి. పీడీఎఫ్ చేస్తే అక్షరాలు నిలుస్తాయి గానీ స్లైడుకు పెట్టిన 15 సెకన్ల లెక్క దాంట్లో నిలవదు. చివరికి ఒక్కో స్లైడును ఫొటోగా మార్చి, ఆ ఫొటోలను మళ్లీ స్లైడ్లలో అతికించాం. తెలుగులో చెప్పదలుచుకున్నవాళ్లు ఈ పని మొదటి రోజే చేసుకోండి.

14వ తేదీ శనివారం రిహార్సల్. షాపు మా తమ్మునికి అప్పజెప్పి పోయాను. నేను గంట మోగినట్టు ఉరికాను, స్లైడు మారేలోపే ముగించి దిక్కులు చూశాను. అప్పుడా అమ్మాయి చెప్పిన మాట నన్ను కాపాడింది. "వెనకబడితే ఉరకకండి అంకుల్. ఒక స్లైడు మాట వదిలెయ్యండి. తర్వాతి బొమ్మ దగ్గర కలవండి." ఒకే బొమ్మను వరుసగా రెండు స్లైడ్లలో పెడితే 30 సెకన్లు దొరుకుతాయని కూడా చెప్పింది. పువ్వు బొమ్మకు అట్లా చేశాను. ఆ పువ్వు ఫొటో కోసం ఫోన్‌కు తగిలించే భూతద్దం లాంటి కటకం 350 రూపాయలకు కొన్నాను. పెన్ డ్రైవ్ 400. బస్సు ఛార్జీలు అన్ని సార్లకు కలిపి 500 పైచిలుకు. కొత్త చొక్కా మా ఇంటామె కొన్నది, ధర చెప్పలేదు. మాట్లాడేవాళ్ల దగ్గర వాళ్లేమీ తీసుకోలేదు, ఇవ్వలేదు. పెద్ద ఖర్చు ఏమంటే, మిర్చి ఏరే సీజన్‌లో రెండు శనివారాలు షాపులో లేకపోవడం.

ఫిబ్రవరి 21. మూడింటికి రమ్మన్నారు. అయిదుకు మొదలు కావాల్సింది అయిదున్నరకు మొదలైంది. నాది ఏడో నంబరు. మూడున్నర గంటలకు పైగా ఒక చిన్న గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నాను. చాయ్ రెండుసార్లు ఇచ్చారు. తాగకండి, నోరెండుతుంది. కాలరు మైకుకు ఒక డబ్బీ ఉంటుంది, అది బెల్టుకు తగిలిస్తారు. నా ముందు మాట్లాడిన టీచరమ్మ చీర కట్టుకుంది. ఆ డబ్బీ ఎక్కడ పెట్టాలో తెలియక ఆఖరి నిమిషంలో కుచ్చిళ్ల దగ్గర దోపుకుంది, మాట్లాడినంతసేపూ ఒక చెయ్యి దాని మీదే ఉంది. ముందే తెలిస్తే ఆమెకు ఆ బాధ ఉండేది కాదు.

లైట్లు మొహం మీద కొడతాయి. ఎదుట ఎవరూ కనపడరు. మా వాళ్లు మూడో వరుసలో ఉన్నారని తెలుసు, కానీ అక్కడంతా నల్లగా ఉంది. స్లైడు మన వెనక ఉంటుంది, ఏది నడుస్తోందో తల తిప్పి చూసుకోవాల్సిందే.

రెండో స్లైడులో "మాది నర్సంపేట" అన్నాను. వెనక నుంచి ఈలలు, చప్పట్లు. మా దిక్కు పిల్లలు. గుండె నిండింది. మర్యాదకు ఆగాను. అయిదారు సెకన్లు పోయాయి. చప్పట్లకు లెక్క కట్టాలని ఎవరూ చెప్పలేదు. అక్కడి నుంచి ప్రతి బొమ్మకూ సగం వెనకే ఉన్నాను. సర్టిఫికెట్ బొమ్మ వచ్చేసరికి ఇంకా షాపు గురించి చెబుతున్నాను. ఎనిమిదో స్లైడు వాక్యం మధ్యలో తల తిప్పితే, ఎర్ర గీత కొట్టిన కొండ కనిపించింది.

అప్పుడు వదిలేశాను. నెల రోజులు కష్టపడి రాసుకున్న రెండు స్లైడ్ల మాటలు. అది వాళ్ల పరిశోధన, పువ్వు నా సంగతి. సగంలో ఉన్న వాక్యం పూర్తి చేసి, నీళ్లు తాగి, నిలబడ్డాను. కొండ పోయింది, రెండు గీతలు వచ్చి పోయాయి. హాలంతా నిశ్శబ్దం. పువ్వు వచ్చింది.

తువ్వాల మూట గురించి చెప్పాను. బిల్లు పుస్తకం మీద పరిగెత్తిన గీతల గురించి చెప్పాను. ఆయన అడిగిన మాట ఆయన అన్నట్టే అన్నాను. నేనిచ్చిన జవాబూ చెప్పాను. 30 సెకన్లలో ఇంకా కొన్ని మిగిలాయి, నోరు పెగల్లేదు. పదహారో స్లైడులో ఆయన మందుల బాకీ రాసిన ఖాతా పుస్తకం పేజీ, పేరు కనపడకుండా తెల్ల కాగితం అడ్డం పెట్టి తీసింది. "41,600 రూపాయలు. తర్వాతి ఏడు పత్తి అమ్మి కట్టిండు. నేను తీసుకున్న" అన్నాను. ఇది రాసుకునేటప్పుడు నాలుగుసార్లు కొట్టేసి నాలుగుసార్లు మళ్లీ రాశాను. అన్నాక కాళ్లు వణికాయి. చివరి స్లైడు నా కౌంటర్ బొమ్మ. తెల్ల కాగితం, భూతద్దం, ప్లాస్టిక్ కవర్లు. నాకు అర్థం కానిది కవర్లో వేసి వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానానికి పట్టుకుపోతున్నానని, జవాబొచ్చేదాకా మందు ఇవ్వనని చెప్పాను. "ఇవ్వను" అనేసరికి స్క్రీన్ నల్లబడింది.

దిగాక సంతోషం ఏమీ కలగలేదు. ఆకలి మాత్రం విపరీతంగా వేసింది. అయిదు నిమిషాల్లో ఏం మాట్లాడానో సగం గుర్తు లేదు. ఒక కుర్రాడు వచ్చి "ఆ కొట్టేసిన కొండ ఏంది సార్?" అనడిగితే మెట్ల మీద నిలబడి పావుగంట చెప్పాను. వదిలేసిన రెండు స్లైడ్లూ అతనొక్కడికే దక్కాయి. మా లైన్‌లో షాపున్న ఒక మిత్రుడు, "నీ గిరాకీ పోతదిరా" అన్నాడు. ఆ భయం నాకూ ఉండింది. తర్వాతి మంగళవారం ఒక రైతు డబ్బులిచ్చే ముందు నా మొహంలోకి చూసి, "గిదన్నా ఖాయంగ తెలుసా సేటూ?" అన్నాడు. తెలిసినంత చెప్పాను. తెలియనిదీ చెప్పాను. ఆయన కొన్నాడు. మరో ఇద్దరు ఇప్పటిదాకా మళ్లీ రాలేదు.

మార్చి 1, ఆదివారం, బాపు దగ్గరికి పోయాను. ఈ ఏడు ఒకటిన్నర ఎకరమే వేశాడు. కల్లంలో మిర్చి ఎండుతోంది, ఘాటుకు కళ్లు మండుతున్నాయి. మా అమ్మాయి తీసిన వీడియో ఫోన్‌లో పెట్టాను. ఆయన ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, బొమ్మ చూడకుండా విన్నాడు. పువ్వు దగ్గర ఆపమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు.

"మంచిగనే చెప్పినవ్" అన్నాడు. "గని నేను పాతదేనా అని ఊకోలే సేటూ. పాతదేనా, జెర సూడు అన్న."